పక్కింటి తీగ

మా అమ్మ నోరు మంచిది కాదని వీధి వీధంతా ఒప్పుకున్న మాట. ఇంట్లో ఉన్నది నాన్నా నేనూ ఇద్దరమే. మేమూ ఒప్పుకున్నాం. పాలు పోసే అతను, చెత్తబండి నడిపే అతను, మీటరు చూడటానికి వచ్చే ఉద్యోగి, మా కిటికీ కిందే నిలబడి ఫోన్లో అరిచేవాళ్ళు, ఎవరినీ ఆవిడ వదిలిపెట్టలేదు. ఆ పేచీలు ఏ రోజువి ఆ రోజే తెగిపోయేవి. ఏళ్ళ తరబడి తెగనిది ఒక్కటే, పక్కింటావిడతో తీగ గొడవ.

రెండు పెరళ్ళకూ మధ్య భుజం ఎత్తు గోడ. ఇటువైపు అమ్మ తోట. వేసవి వచ్చిందంటే గోడ పొడవునా బంతి, వెనక పొద్దుతిరుగుడు, బావి గట్టు దగ్గర మల్లె. మధ్యలో వంగ, బెండ, టమాటా. వంటింటి వెనక తలుపు నుంచి గోడ దాకా సొరపందిరి. ఆ పందిరి కింద ఎండ పడేది కాదు. మధ్యాహ్నం అమ్మ అక్కడే ముక్కాలి పీట వేసుకుని కూర్చుని వీధిలో ఎవరెవరిని తిట్టాలో ఆలోచించుకునేది.

ఆ సొర మామూలు సొర కాదని ఆవిడ గొప్ప. వాళ్ళమ్మ దగ్గర నుంచి వచ్చిన విత్తనం. కాయ పొట్టిగా, లేతాకుపచ్చగా, చర్మం మీద సన్నటి నూగుతో ఉండేది. ఉడికితే వెన్నలా కరిగేది. కాయలు వీధంతా పంచేది, తిడుతూనే పంచేది. కానీ ఇచ్చినవన్నీ లేతకాయలే. గింజ ముదిరిన కాయ ఒక్కటీ గుమ్మం దాటనిచ్చేది కాదు. "కాయ తినండి, విత్తనం అడక్కండి" అని మొహం మీదే చెప్పేది. పిసినారితనం అని అందరూ అనుకున్నారు.

గోడకు అటువైపు ఉన్నావిడ ఒకప్పుడు బడిలో డ్రాయింగు టీచరు. ఆవిడ కూడా సొరే పెంచేది, కానీ కూరకు పనికొచ్చేది కాదు. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట ఉన్న రకం. తీగ మీదే ఎండనిస్తే కాయ బుర్ర అవుతుంది. వాటికి కన్నాలు పెట్టి, రంగులు వేసి, లోపల దీపం పెట్టుకునే బొమ్మలు చేసేది. చూడటానికి బాగుండేవి. అమ్మ ఆవిడకు బుర్రలావిడ అని పేరు పెట్టింది. పేర్లు పెట్టడంలో అమ్మకు తిరుగు లేదు, వీధిలో సగం మందికి అసలు పేర్లు మరుగున పడ్డాయి.

బుర్రలావిడ తీగ గోడ ఎక్కేది. తీగకు గోడలూ సరిహద్దులూ ఏం తెలుస్తాయి. సాయంత్రం కాగానే అమ్మ కత్తెర పట్టుకుని వచ్చి గోడ దాటిన కొసలన్నీ కత్తిరించి అటువైపు విసిరేసేది. అది నాన్న బట్టలు కోసే కత్తెర. మా ముందుగది నాన్న దర్జీ కొట్టు. బట్ట కోసే కత్తెరతో ఇంకేదైనా కోస్తే పదును పోతుందని ఆయన బాధ. "పదును పోతే సాన పట్టించుకోండి. నా తీగ పోతే ఎవరు తెచ్చిస్తారు" అనేది అమ్మ. అటువైపు నుంచి బుర్రలావిడ ఏదో అనేది, ఇటువైపు నుంచి అమ్మ పది అనేది. నాన్న మిషను తొక్కుతూ, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాలాంటి వాళ్ళకు వినబడేట్టు గొణిగేవాడు.

అమ్మ చలికాలం చివర్లో పోయింది. జబ్బు తెలిసేసరికే ఆలస్యమైంది. నేను మందుల షాపులో పనిచేస్తాను, ఏ మందు దేనికిస్తారో నాకు తెలుసు. ఆవిడకు రాసిన మందుల చీటీ చూడగానే ఇంక ఎంతో కాలం లేదని అర్థమైంది. నాన్నకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆవిడ పోయాక నాన్న మిషను మీద గుడ్డ కప్పేశాడు. కుట్టడానికి ఇచ్చినవాళ్ళు వచ్చి కుట్టని బట్టలు పట్టుకుపోయారు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఎందుకు నాన్నా అంటే ఆకలి లేదమ్మా అనేవాడు. ఒకరోజు బజారు నుంచి సొరకాయ తెచ్చి వండాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. తర్వాత పళ్ళెం పక్కకు జరిపి "ఇది కాదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పని నుంచి వచ్చి వండింది నేను. అరిచేదాన్నే, కానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను. మనిషి పూర్తిగా ఎండిపోయాడు. ఇలాగే పోతే అమ్మ వెనకే వెళ్ళిపోతాడని భయం పట్టుకుంది నాకు.

ఎండలు మొదలయ్యే వేళకు వంటింటి అటక మీద ఒక డబ్బా దొరికింది. మూత తీస్తే బూడిద. బూడిదలో సొరగింజలు. పురుగు పట్టకుండా అమ్మ అలా కలిపి దాచేది. నాన్న ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, గింజలు ఒక్కొక్కటే తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని పెరట్లోకి దిగాడు. అమ్మ బతికుండగా ఆ పెరట్లో ఒక్క కలుపుమొక్క పీకిన మనిషి కాదు.

తోటపని తెలిసినవాళ్ళు ఎవరూ ఉన్న విత్తనమంతా ఒకేసారి వేయరు. కొంచెం వెనక దాచుకుంటారు. నాన్నకు తోటపని తెలియదు, ఉన్నవన్నీ వేసేశాడు. పక్కనే బంతినారు, టమాటా నారు కూడా పెట్టాడు. నేనూ ఏమీ అనలేదు. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని బిందెలతో నీళ్ళు మోస్తుంటే, మధ్యాహ్నం ఆకలేస్తోంది పెట్టమని అడుగుతుంటే, నాకు అదే చాలనిపించింది.

ఆ ఏడు ఎండ మామూలుగా లేదు. బంతి పూయకుండానే మాడిపోయింది. టమాటా పూత రాలిపోయింది. సొరమొక్కలు ఒకటొకటిగా మొదలు దగ్గర కుళ్ళి పడిపోయాయి. చివరికి గోడ వారగా ఉన్నది ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాని చుట్టూ నాన్న పగలంతా తిరిగేవాడు. గోనెపట్టాలు తడిపి నీడ కట్టాడు. దానితో మాట్లాడేవాడు కూడా, నేను వస్తే మానేసేవాడు.

అప్పుడే బుర్రలావిడ తీగ గోడ ఎక్కింది. ఆవిడ అటువైపు నిలబడి "అన్నయ్యగారూ, ఇటు లాగేసుకుంటాలెండి" అంది. నాన్న వద్దన్నాడు.

"ఉండనివ్వమ్మా. ఎన్నాళ్ళని ఆ గొడవ. మా తీగ ఎలాగూ ఒంటరిదైంది, పందిరి నిండా ఖాళీయే. పాకితే పాకనివ్వు, కాస్త నీడైనా ఉంటుంది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు ఒక బుర్రబొమ్మ తెచ్చి ఇచ్చింది. దాన్ని నాన్న మిషను పక్కన పెట్టుకున్నాడు. నాకూ సంతోషమే అయింది. ఇన్నేళ్ళకు ఈ ఇంటికి పొరుగు అంటూ ఒకటి ఏర్పడిందనుకున్నాను.

రెండు తీగలూ పందిరి మీద కలిసిపోయాయి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. విత్తనానికి ఉంచే కాయ కోసం అమ్మ మగపువ్వు ఒకటి కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వులో అద్ది, ఇంకేదీ చొరబడకుండా పువ్వు మూతిని దారంతో కట్టేసేది. నాన్న ఏటా అది చూసినవాడే. దారం ఇచ్చేవాడే ఆయన. మా తీగకు మొదటి ఆడపువ్వు విచ్చుకున్న సాయంత్రం ఆయన కళ్ళజోడు తుడుచుకుని పీట ఎక్కాడు.

"ఏ పువ్వు కొయ్యమంటావ్?" అన్నాడు.

"ఏదైనా ఒకటే కదా నాన్నా."

"ఏదైనా ఒకటే అంటే ఎలా. మీ అమ్మ కాయ ఇది. ఉన్నవాట్లో మంచిది చూడాలి."

గుడ్డ కొనడానికి వెళ్తే తానులన్నీ విప్పించి చివరికి అన్నిటికన్నా మేలైనది ఎంచే మనిషి. పందిరంతా వెతికి, అన్నిటికన్నా పెద్దగా, నిండుగా విచ్చుకున్న పువ్వు కోశాడు. అద్దాడు. తెల్లదారం తీసుకుని, గుండీకి ముడి వేసినంత శ్రద్ధగా ఆడపువ్వు మూతికి కట్టాడు. కిందికి దిగి చేతులు దులుపుకుంటూ నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఆ కాయ నిలిచింది. దాన్ని విత్తనానికి వదిలి తర్వాత వచ్చినవి వండాం. అచ్చం అమ్మ కాయే. అదే నూగు, అదే తీపి. నాన్న పళ్ళెం ముందు కూర్చుని ఏడుస్తూ తిన్నాడు, తింటూ ఏడ్చాడు, మళ్ళీ పెట్టమన్నాడు. వానలు పడేలోపు మిషను మీది గుడ్డ తీశాడు. విత్తనాల కాయ పందిరి మీదే ఎండి, ఊపితే గలగలమంది. దాన్ని కోసి, గింజలు తీసి, బూడిదలో కలిపి, అదే డబ్బాలో పోశాడు. ఆ పూట ఆయన ఎంత గర్వంగా ఉన్నాడో చెప్పలేను.

మరుసటి వేసవికి మా వీధంతా సొరమొక్కలే. అమ్మ ఎవరికీ ఇవ్వని విత్తనాన్ని నాన్న చిన్న చిన్న సంచుల్లో మొలకెత్తించి ఇంటింటికీ తిరిగి ఇచ్చాడు. సంచులు కూడా ఆయనే కుట్టాడు, మిగిలిన గుడ్డముక్కలతో. "మా ఆవిడ మొక్క. ఆవిడ మాటకేంగాని కాయ మాత్రం తీపి" అని చెప్పి మరీ ఇచ్చాడు. అందరూ నవ్వి తీసుకున్నారు. అందరి నోళ్ళలోనూ అమ్మ గురించి ఒక మంచి మాట పడాలని ఆయన ఆశ. అది ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు తెలుస్తూనే ఉంది.

మొక్కలు ఒక్కటీ చావలేదు. ఎండను లెక్కచేయకుండా బలిశాయి, ఇంత లావు తీగలు, చేటంత ఆకులు. కాయ మాత్రం కొంచెం మెడ సాగినట్టు కనిపించింది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అన్నాడు నాన్న. మొదటి కాయ కోసిన రోజు నేను పనికి వెళ్ళలేదు. సొరకాయ కోయగానే కొస ముక్క కొరికి చూడటం మా ఇంట్లో అలవాటు. కొరికాను. మామూలు చేదు కాదు, గొంతు పట్టేసే చేదు. ఉమ్మేసి పుక్కిలించినా పోలేదు.

"ఒక కాయ అలా వస్తుందిలే" అన్నాడు నాన్న. ఇంకొకటి కోశాడు. అదీ అంతే.

సాయంత్రానికి వీధిలోంచి కబుర్లు రావడం మొదలైంది. ఎదురింటివాళ్ళు కూర మొత్తం పారబోశారు. మలుపు దగ్గర ఇంట్లో పెద్దాయన కొరికి చూడకుండా వండిందే తిని, వాంతులతో ఆసుపత్రికి వెళ్ళాడు. ఆయన మూడో పూటకు తేరుకుని ఇంటికొచ్చాడు, అంతవరకూ నాన్న వాళ్ళ గుమ్మంలోనే ఉన్నాడు. వాళ్ళు ఏమీ అనలేదు. కానీ కూరగాయల బండి దగ్గర నలుగురూ పోగైనప్పుడు ఎవరో అన్నారు, "ఆవిడ నోరే ఆ కాయల్లోకి దిగింది" అని. అందరూ నవ్వారు. నేను బండికి ఇటువైపు ఉన్నాను. నాన్న నా పక్కనే ఉన్నాడు.

ఆయన సంచీ అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. మాటకు మాట చెప్పడానికి అమ్మ ఉంటే ఆ మాటన్నవాడు మళ్ళీ ఆ బండి దగ్గరికి వచ్చేవాడు కాదు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, నోరు లేనివాళ్ళం.

మర్నాడు పొద్దున్నే బుర్రలావిడ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, చీర చెంగు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ మాట్లాడింది.

"అన్నయ్యగారూ, వదినగారు నాకు ఒకసారి చెప్పారు. చాలా ఏళ్ళయింది. కోపంలో ఉన్నారు, తిడుతూ తిడుతూ మధ్యలో చెప్పారు. నీ పువ్వూ నా పువ్వూ ఒకేలాగ ఉంటాయి, సందెచీకట్లో తేడా తెలీదు, పొరపాటున నీది ఒకటి నా కాయకి అంటుకుందా, వచ్చే ఏడు విత్తనమంతా చేదే, మా అమ్మిచ్చింది నా చేతుల్లోనే పోతుంది అన్నారు."

"నీకు చెప్పిందా? నాకు కాకుండా?" అన్నాడు నాన్న.

"నాకే చెప్పారు. నా తీగ పెరిగితే ఓర్వలేక ఏదో సాకు చెప్తున్నారనుకున్నాను. నిన్న మీ కాయ మెడ చూశాక గుర్తొచ్చింది. అది నా కాయ మెడే."

నాన్న చూపుడువేలూ బొటనవేలూ కలిసి, లేని పువ్వు కాడను పట్టుకుని తిప్పుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద పువ్వు ఎవరి తీగదో ఆ క్షణంలో ఆయనకు తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదంటారు. మొలుస్తుంది, ఎవరూ చూడకపోతే మొలుస్తుంది.

బుర్రలావిడ ఏడుస్తోంది. ఆవిడను తిట్టాలనిపించింది నాకు. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, గోడ ఎక్కించేటప్పుడైనా ఒక్క ముక్క చెప్పొద్దా అని. కానీ వద్దంటే లాగేసుకుంటానని అడిగింది ఆవిడే. ఉండనిమ్మన్నది మేము. పొమ్మనలేక, ఉండమనలేక నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసింది. పిన్నికి ఫోన్ చేశాను. అమ్మ చెల్లెలు, అదే విత్తనం ఆవిడకూ వచ్చింది. నాన్న నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పిన్నీ, అమ్మమ్మ సొరవిత్తనం నీ దగ్గర ఉందా?"

"ఆ పొట్టి సొరా? అదెక్కడిదే తల్లీ. మీ బాబాయి పొలానికి షాపు విత్తనం తెచ్చి వేశారుగా, అప్పుడే తీసేశాం. కాపు ఎక్కువని. మీ అమ్మ దగ్గరుందిలే, ఎప్పుడు కావాలన్నా అడగొచ్చులే అనుకున్నా. అది ఎవరికీ ఇవ్వదు గానీ నాకు ఇస్తుందిగా."

"డబ్బా ఏదైనా, అటక మీద…"

"ఎప్పుడో తుడిచేశాం. ఏం, ఏమైంది?"

ఏమీ లేదని చెప్పి పెట్టేశాను. నాన్న కుర్చీ తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టాడు.

అప్పటినుంచి మళ్ళీ అన్నం మానేశాడు. ఈసారి ఆకలి లేదని కూడా చెప్పలేదు. వీధిలో వాళ్ళందరూ మొక్కలు పీకి పారేశారు, కుట్టిన సంచులు చెత్తబండి మీద కనిపించాయి. మా పందిరి మాత్రం అలాగే ఉంది. పీకేద్దామా అని అడిగితే ఆగమన్నాడు.

ఒక ఆదివారం నేను లేచేసరికి ఆయన పందిరి కింద ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు పెద్ద పళ్ళెం. ప్రతి తీగ నుంచీ ఒక కాయ కోసి వరసగా పెట్టుకున్నాడు. ఒక్కొక్కటే కోసి, పల్చటి ముక్క తీసి, కొరికి, పక్కనే ఉన్న బకెట్లో ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి, తర్వాతది తీసుకుంటున్నాడు. ఒక్కటైనా తీపిది ఉండకపోతుందా అని. ఉంటే ఆ తీగ ఉంచి మిగతావి పీకేస్తే, మళ్ళీ విత్తనం కట్టొచ్చు అని.

ఉండదని నాకు అనిపిస్తూనే ఉంది. అన్నీ ఒకే కాయ గింజలు, ఒకే పువ్వు పుప్పొడి. అయినా ఆపలేదు. పక్కన కూర్చుని నీళ్ళు అందించాను. నేనూ ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. ఆయన మొహం ముడుచుకున్నప్పుడల్లా తర్వాతదాని వైపు చూశాను.

ఆఖరి కాయ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు. మెల్లగా నమిలాడు.

"ఇది అంత లేదమ్మా" అన్నాడు.

నేను ఒక ముక్క కొరికి వెంటనే ఉమ్మేశాను. "అన్నిటికన్నా ఇదే చేదుగా ఉంది నాన్నా. ఉమ్మెయ్. ఒంటికి మంచిది కాదు."

మింగేశాడు. ఇంకో ముక్క కోశాడు.

"మీ అమ్మ ఆసుపత్రిలో ఉండగా పక్కింటావిడ చూడ్డానికి వచ్చింది. నువ్వు మందులకి కిందికి వెళ్ళావు. నేనే మీ అమ్మకి చెప్పాను, పోయేముందు ఎవరితోనూ పేచీ పెట్టుకుని పోకూడదు, క్షమించమని అడుగు అని. మీ అమ్మ జన్మలో ఎవరినైనా అడిగిందా? ఆ రోజు అడిగింది. చేతులు లేవకపోతే నేనే పట్టుకుని జోడించాను."

"నాన్నా, ఆ ముక్క ఇటివ్వు."

"ఆవిడ వెళ్ళాక మీ అమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. గొంతు రావట్లేదు. చెవి పెట్టి విన్నాను. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను, తీగని మాత్రం రానివ్వకండి అంది. చచ్చిపోతూ కూడా దీని తిక్క తగ్గలేదే అనుకున్నాను. నవ్వొచ్చింది నాకు. దాని మొహం మీదే నవ్వానమ్మా. అది నన్ను చూసి కళ్ళు మూసుకుంది. మళ్ళీ మాట్లాడలేదు."

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పాలని వెతికాను. పనిలో రోజంతా మనుషులకు ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను, తగ్గుతుంది, రెండు రోజులు చూడండి అని. నాన్న చెయ్యి విడిపించుకోలేదు. ముక్కను వదలనూ లేదు.